బీట్‌రూట్ గులాబీ మా దగ్గర ఎందుకు దొరకదంటే

బీట్‌రూట్‌తో అద్దిన గులాబీ దారం కావాలని చాలామంది అడుగుతున్నారు. ప్రతిసారీ లేదనే చెబుతున్నాను కాబట్టి కారణం కూడా చెప్పాలి.

బీట్‌రూట్ నీళ్లలోంచి తీసిన చిలప (దారపు చుట్ట) తడిగా ఉన్నంతసేపు కళ్లు తిప్పుకోనివ్వదు. కానీ ఆ రంగు పోగును గట్టిగా పట్టుకోదు. ఉతికితే చాలావరకు నీళ్లపాలవుతుంది, మిగిలింది వెలుతురుకు పాలిపోతుంది. రంగు పట్టి ఉండేందుకు ముందుగా పటిక పట్టించినా నిలవదు. మీరు ఎంతో ఓపికగా అల్లే స్వెట్టర్‌కు అలాంటి దారం ఇవ్వడానికి నాకు మనసొప్పదు.

పసుపుతో అద్దిన దారం కూడా ఈ విడతతో ఆపేస్తున్నాం. పసుపు పటిక లేకుండానే ఇట్టే అంటుకుంటుంది, ఎండకు మాత్రం ఆగదు. క్షారగుణం ఉన్న సబ్బు తగిలితే ఎర్రబారుతుంది. ఆ ఎరుపును కాస్త వెనిగర్ కలిపిన నీళ్లతో పోగొట్టవచ్చు, ఎండకు వెలిసిన రంగును మాత్రం తిరిగి తేలేం. దాని స్థానంలో బంతిపూల పసుపు వస్తుంది. అంత మెరుపు ఉండదు, కానీ ఎక్కువ కాలం ఉంటుంది.

నాకు అన్నిటికన్నా నమ్మకమైనది ఉల్లిపొట్టు. ఊలు బరువులో 10 నుంచి 15 శాతం పటిక తీసుకుని, ఆ నీళ్లలో ఊలును ముందుగా సన్నసెగన ఉంచుతాం. పొట్టును విడిగా మరిగించి వడకడితే చిక్కటి ఎర్రమట్టి రంగు నీళ్లు దిగుతాయి. అందులో నానిన ఊలు మాత్రం బంగారు వన్నెతో బయటికి వస్తుంది! చిటికెడు అన్నభేది (ఒక ఇనుప లవణం) కలిపితే అదే రంగు ముదురు ఆకుపచ్చ వైపు మళ్లుతుంది. అన్నభేది ఎక్కువైతే ఊలు పెళుసుబారుతుంది, అందుకే చాలా పొదుపుగా వాడతాం. పత్తి నూలుకు పటిక అంత తేలిగ్గా పట్టదు. దాన్ని ముందు దానిమ్మ తొక్కల నీళ్లలో నానబెట్టి, ఆ వగరు పట్టాక పటికలో వేస్తాం. ఉల్లిపొట్టు రంగు కూడా ఏళ్లు గడిచేకొద్దీ కొంత తగ్గుతుంది, అది ముందే తెలిసి కొనండి.

ఇంట్లో ప్రయత్నించేవారు అద్దకం గిన్నెను వంటకు వాడవద్దు.

ఒక విడత రంగు మరో విడతకు అచ్చంగా రాదు. పొట్టు మారినా, నీళ్లలో ఇనుము శాతం మారినా ఛాయ మారుతుంది. అందుకని ఒక అల్లికకు కావలసిన చిలపలన్నీ ఒకేసారి తీసుకోండి. మధ్యలో అయిపోతే పాత చిలపతో రెండు వరుసలు, కొత్త చిలపతో రెండు వరుసలు మార్చి మార్చి అల్లండి, అతుకు కనబడదు. ఏమి అల్లుతున్నారో ఆర్డర్‌లో రాస్తే సరిపడా చిలపలు ఒకే విడతలోంచి తీసి పంపుతాను.