జర్నల్ క్లబ్‌కు మార్కులు వద్దు: డీన్ గారికి బహిరంగ లేఖ

డీన్ గారికి నమస్కారం.

ఇకపై జర్నల్ క్లబ్‌కు, అంటే వైద్య పత్రికల్లోని పరిశోధన పేపర్లను కలిసి చదివి చర్చించుకునే సమావేశానికి, హాజరు మార్కులు వేస్తామని, ఒక్కో పేపర్‌కు 20 స్లైడ్లు తప్పనిసరని మీరిచ్చిన సర్క్యులర్ చదివాను. ఉద్దేశం మంచిదే. జరిగేది మాత్రం వేరు.

1875లో కెనడాలోని మాంట్రియల్‌లో, మెక్‌గిల్ విశ్వవిద్యాలయంలో వైద్యుడు విలియం ఆస్లర్ ఇలాంటి క్లబ్ పెట్టారు. ఖరీదైన పత్రికలు ఒక్కరే కొనుక్కోలేరు కాబట్టి కలిసి తెప్పించుకుని చదివేవారు. అంతకుముందే లండన్ సెయింట్ బార్తలోమ్యూస్ ఆసుపత్రి విద్యార్థులు ఓ రొట్టెల దుకాణం పై గదిలో చేరి పత్రికలు చదివేవారట. స్లైడ్ల గొడవ లేని రోజులు!

ఇప్పుడు పత్రికలకు కరువు లేదు, అనుమానించడం నేర్పేవాళ్లకే కరువు. పేపర్ చదివేటప్పుడు అడగాల్సినవి ఇవి: ప్రయోగం మధ్యలో మానేసిన రోగుల్ని లెక్కలోంచి తీసేశారా? ముందు చెప్పిన ఫలితాన్నే చివర్లో కొలిచారా, లేక బాగున్నదాన్ని ఏరుకున్నారా? పి విలువ (నిజంగా తేడా లేకపోయినా యాదృచ్ఛికంగా ఇలాంటి ఫలితం వచ్చే అవకాశం) 0.05 కన్నా తగ్గింది సరే, ఆ తేడా రోగికి తెలిసేంత ఉందా? "నాకిది అర్థం కాలేదు" అని మొదటి ఏడాది విద్యార్థి భయం లేకుండా అనగలిగితేనే ఈ ప్రశ్నలు బయటికొస్తాయి. మార్కుల టెన్షన్ ఉంటే ముందురోజు రాత్రి సారాంశాన్ని స్లైడ్లలోకి ఎక్కిస్తారు. నేనూ ఒకప్పుడు అదే చేశాను.

ఒకసారి మా ప్రొఫెసర్ గారి పేపర్‌లోనే ఓ జూనియర్ తప్పు పట్టింది. ఆయన కాసేపు ఆలోచించి, "నిజమే, నేను చూసుకోలేదు" అన్నారు. ఆ గంటకు మార్కులెన్ని వేస్తారు?

సర్క్యులర్ వెనక్కి తీసుకోండి. పేపర్ వారం ముందే అందరికీ పంపించండి. చర్చలో పెద్దలు చివర్లో మాట్లాడేలా చూడండి, మీతో సహా.

ఇట్లు,
మీ విభాగంలో ఒక పరిశోధక విద్యార్థి