నాలుగు శనివారాలు మాకిచ్చిన మాస్టారికి కృతజ్ఞతలు

గత ఆదివారం ఉదయం హైదరాబాద్ ఖాజాగూడ గుట్టల మీద మా అమ్మాయి రిమోట్ కారు ఒకే బ్యాటరీతో గంటా నలభై నిమిషాలు బండలెక్కింది. కిందికి దిగాక బ్యాటరీని బయటికి తీసి అరచేతిలో పెట్టుకున్నాను. ఒంటి వేడిని మించి వేడెక్కలేదు. ఆ బ్యాటరీని కట్టడం మాకు నేర్పిన మాస్టారికి కృతజ్ఞతలు చెబుదామని, ఇంటికి రాగానే ఇది రాయడానికి కూర్చున్నాను.

ఎవరికి కృతజ్ఞతలు చెబుతున్నానో ఆయన తన పేరు రాయవద్దన్నారు. కోఠి ప్రాంతంలో ఒక చిన్న గదిలో డ్రిల్లింగ్ మెషీన్లు, ఎలక్ట్రిక్ సైకిళ్ల బ్యాటరీలు బాగుచేస్తారు. చాలా ఏళ్లు ఐటీఐలో పాఠాలు చెప్పి రిటైరయ్యారు. చుట్టుపక్కల దుకాణాల వాళ్లందరికీ ఆయన మాస్టారే. మాకూ అంతే.

మాది అసలు బండికి పదో వంతు సైజులో ఉండే క్రాలర్. వేగంగా పరుగెత్తే కారు కాదు, రాళ్ల మీద నెమ్మదిగా పట్టు చూసుకుంటూ ఎక్కే బండి. దానితో పాటు వచ్చిన 7.2 వోల్టుల నికెల్ బ్యాటరీ అరగంటకే నీరసించేది. బజారులో దొరికే లిథియం పాలిమర్ బ్యాటరీలు ముందు చక్రాల మీద మాకున్న చోటులో పట్టవు. బరువు ముందుకు, కిందికి ఉంటేనే క్రాలర్ నిటారు బండను ఎక్కుతుంది. అందుకని పాత ల్యాప్‌టాప్ బ్యాటరీ విప్పి, అందులోని 18650 అనే గుండ్రటి లిథియం సెల్లులతో సొంతంగా ప్యాక్ కట్టాలనుకున్నాను. 18 మిల్లీమీటర్ల వ్యాసం, 65 మిల్లీమీటర్ల పొడవు. కొలతలు చూస్తే చక్కగా సరిపోతున్నాయి. నేను చూసుకున్నది ఆ కొలతలు మాత్రమే.

సోల్డరింగ్ చేస్తుండగా, సెల్లులను కలిపే నికెల్ పట్టీ జారి, ప్లస్ మీద నుంచి సెల్లు పై అంచుకు తగిలింది. చూస్తుండగానే పట్టీ ఎర్రగా కాలింది. పట్టకారుతో లాగేశాను. గచ్చు మీద నల్ల మచ్చ మిగిలింది. రెండడుగుల దూరంలో మా అమ్మాయి కూర్చుని ఉంది. ఎవరికీ ఏమీ కాలేదు, కానీ ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

మర్నాడు కొత్త సెల్లులు కొందామని కోఠి వెళ్లాను. ఎందుకని అడిగిన దుకాణదారు, నేను చెప్పింది విని, "ముందు మాస్టారిని కలవండి. ఆయన సరే అంటేనే ఇస్తాను" అన్నారు. చేతికొచ్చిన బేరాన్ని వదులుకుని నన్ను సరైన గుమ్మం దగ్గరకు పంపిన ఆయనకు కూడా నా నమస్కారాలు.

మాస్టారు నన్ను కోప్పడలేదు. జరిగింది అంతా విన్నారు. "శనివారం సాయంత్రం రండి, అమ్మాయిని కూడా తీసుకురండి" అన్నారు. వెళ్లగానే తొడుగు ఒలిచిన పాత సెల్లు ఒకటి బల్ల మీద పెట్టి, "ఇందులో మైనస్ ఎక్కడుంది తల్లీ?" అని అడిగారు. మా అమ్మాయి అడుగుభాగం చూపించింది. ఆయన మల్టీమీటర్ తీగ ఒకటి ప్లస్ మీద పెట్టి, రెండోది దాని పక్కనే, రెండు మిల్లీమీటర్ల దూరంలో ఉన్న అంచు మీద ఆనించారు. మీటర్ 3.7 వోల్టులు చూపించింది. "అడుగే కాదమ్మా, ఈ డబ్బా అంతా మైనసే. పై అంచు కూడా. దాన్ని కప్పి ఉంచేది ఈ పలచటి ప్లాస్టిక్ తొడుగు ఒక్కటే" అన్నారు. మా ఇంట్లో పట్టీ ఎందుకు కాలిందో అప్పుడు తెలిసింది. ప్రతి ప్లస్ చుట్టూ అంటించే కాగితపు రింగును అప్పటిదాకా నేను అలంకారం అనుకున్నాను. మొదటి శనివారం మాకు అప్పగించిన పని ఆ రింగులు అంటించడమే.

సోల్డరింగ్ ఐరన్ మొన వేడి 350 డిగ్రీల దాకా ఉంటుంది. సెల్లు లోపల రెండు ధ్రువాలను కలవకుండా ఆపే పాలిథిన్ పొర సుమారు 130 డిగ్రీలకే కరుగుతుంది. ఈ రెండు అంకెలు పక్కపక్కన రాసి చూపించాక, సెల్లుకు సోల్డరింగ్ పనికిరాదంటే ఇక వాదించడానికి ఏముంటుంది? పట్టీని కరెంటుతో సెల్లుకు అతికించే స్పాట్ వెల్డర్ అయితే కొన్ని మిల్లీసెకన్లలో పని ముగిస్తుంది, వేడి లోపలికి పోయే వ్యవధి ఉండదు. పట్టీల విషయంలోనూ మోసం ఉంటుందట. నికెల్ పూత పూసిన ఇనుప పట్టీలను నికెల్ అని అమ్ముతారు. ఆయన ఒక పట్టీని గీకి ఉప్పునీళ్ల గ్లాసులో వేశారు. మేం తర్వాతి వారం వెళ్లేసరికి గీత వెంట తుప్పు పట్టి ఉంది.

రెండో శనివారం మా బండినే బల్ల మీదకి ఎక్కించారు. చక్రాలు కదలకుండా పట్టుకుని, తీగకు కరెంటు కొలిచే క్లాంప్ మీటర్ తగిలించి చూస్తే 20 ఆంపియర్లు దాటింది. రెండు సెల్లులు పక్కపక్కన, అంటే ప్లస్‌కు ప్లస్, మైనస్‌కు మైనస్ కలిపి ఉంటే ఒక్కో దాని మీద పది. నిదానంగా కరెంటు ఇవ్వడానికి తయారైన ల్యాప్‌టాప్ సెల్లు, అదీ ఏళ్ల తరబడి వాడింది, దాన్ని ఎక్కడ తట్టుకుంటుంది? అందుకే 20 ఆంపియర్లు నిలకడగా ఇవ్వగల 2500 మిల్లీ ఆంపియర్ అవర్ల నిల్వ ఉన్న కొత్త సెల్లులు ఎంపిక చేశారు. 9900 అని అచ్చువేసిన సెల్లు ఒకటి చూపించి, ఈ సైజులో 3600 దాటితే నమ్మవద్దన్నారు. నకిలీవి కావని తేల్చుకోవడానికి మేం కొనే సెల్లులను ఆయన తూకం వేశారు. ఒక్కొక్కటి 45 గ్రాములకు అటూఇటూగా తూగితేనే పక్కన పెట్టారు.

నాకు అన్నిటికన్నా ఎక్కువగా గుర్తుండిపోయింది మూడో శనివారం. రెండు సెల్లులను పక్కపక్కన కలిపే ముందు వాటి వోల్టేజీ సమానంగా ఉండాలని చెబుతూ, మా అమ్మాయి చేతికి సుద్దముక్క ఇచ్చారు. ఒకటి 4.1, ఇంకొకటి 3.6 వోల్టులు. తేడా అర వోల్టు. లోపలి నిరోధం ఒక్కోదానికి 20 మిల్లీ ఓములు, రెండూ కలిపి 40. భాగిస్తే పన్నెండున్నర ఆంపియర్లు, బండి కదలకముందే, ఒక సెల్లు నుంచి ఇంకొక దానిలోకి! పదో తరగతి పుస్తకంలో మార్కుల కోసం చదివిన ఓం నియమం తన చేతిలోని వస్తువులో పనిచేస్తోందని తెలిసినప్పుడు మా అమ్మాయి ముఖం చూడాల్సింది. మాస్టారూ, ఆ ఒక్క సాయంత్రానికే మీకు ఎంత రుణపడ్డానో.

నాలుగో వారం ప్యాక్ పూర్తయింది. రెండేసి సెల్లులు పక్కపక్కన జంటగా, ఆ రెండు జతలు ఒకదాని వెనుక ఒకటి వరుసగా. ఎలక్ట్రిక్ సైకిలుకు ఉండే రక్షణ సర్క్యూట్ మా బండికి పెట్టలేదు, చక్రం ఆగిన ప్రతిసారీ అది కరెంటు ఆపేసే ప్రమాదం ఉందని. దాని బదులు 30 ఆంపియర్ల కారు ఫ్యూజు పెట్టించారు. ఒక్కో జత వోల్టేజీని విడివిడిగా చూసే బ్యాలెన్స్ తీగలు పెట్టించారు. మోటారు కంట్రోలర్‌లో బ్యాటరీ ఏ రకమో చెప్పే జంపర్ అనే చిన్న క్లిప్పు నికెల్ వైపు ఉంది, దాన్ని లిథియం వైపు మార్పించారు. అది మార్చకపోతే సెల్లులు పాడయ్యేంత అడుగంటినా బండి ఆగేది కాదు. లోహం బయటికి కనిపించని కనెక్టరే బ్యాటరీ వైపు ఉండాలి, తీగలు కత్తిరించాల్సి వస్తే ఒకసారి ఒక్కటే. ఇవన్నీ మా చేతులతోనే చేయించారు. ఎక్కడా పని తాను లాక్కోలేదు.

ఛార్జర్‌ను ఒక్కో సెల్లు 4.1 వోల్టుల దగ్గర ఆగే లిథియం అయాన్ పద్ధతిలోనే పెట్టమన్నారు. పూర్తిగా 4.2 దాకా నింపకపోతే కొంత దూరం తగ్గుతుంది, సెల్లు ఆయుష్షు పెరుగుతుంది. బండి దిగిన వెంటనే ఛార్జింగ్ వద్దు, చల్లారాకే. ఎండలో ఆపిన కారులో వదలవద్దు. ఇప్పుడు మా ఇంట్లో బాల్కనీ గచ్చు మీద, చుట్టూ ఏమీ లేకుండా, ఎవరో ఒకరు మెలకువగా ఉన్నప్పుడే ఛార్జింగ్ పెడుతున్నాం. వారం రోజులు వాడకపోతే ఒక్కో సెల్లును 3.8 వోల్టుల దగ్గర ఉంచుతున్నాం. నేను పాడుచేసిన పాత సెల్లులకు రెండు వైపులా టేపు వేసి ఈ-వేస్ట్ తీసుకునే చోట అప్పగించి వచ్చాను.

చివరి రోజు డబ్బు ఇవ్వబోతే మాస్టారు తీసుకోలేదు. సెల్లుల ఖరీదు దుకాణంలో కట్టేశాం కదా, ఇంకేముంది అన్నారు. నాలుగు సాయంత్రాలు ఆయన పక్కన పెట్టిన రిపేర్లు ఆ గదిలో వరుసగా పేర్చి ఉండడం నేను చూశాను. వాటి కోసం ఎదురుచూసిన వాళ్లెవరో నాకు తెలియదు. వాళ్లకు కూడా ధన్యవాదాలు.

మాస్టారూ, మీ చిన్న తూకం మిషన్ ఇంకా మా ఇంట్లోనే ఉంది. ఈ శనివారం ఇద్దరం తీసుకువస్తాం. మా అమ్మాయి మూడు సెల్లుల వరుసతో ఇంకొక ప్యాక్ కాగితం మీద గీసింది. కరెంటు లెక్కలు తనే వేసుకుంది. మీరు చూసి సరే అనేదాకా ఒక్క సెల్లు కూడా కొనము.