టైమ్ ట్రావెల్ కామిక్: బొమ్మలు మొదలెట్టే ముందు

అందరూ చూడండి. 24 పేజీలే కాబట్టి హీరో వెళ్లేది ఒక్క రోజుకే: 1908 సెప్టెంబరు 28, హైదరాబాద్ మూసీ వరద. గతం మారుతుందా, మారదా? ముందే ఒక్క వాక్యంలో తేల్చండి. వరదే ఆగిపోతే, అలాంటి వరదలు ఆపడానికని 1920లో ఉస్మాన్ సాగర్ జలాశయం ఎందుకు కట్టినట్టు?

కథలో ఏది ఎప్పుడో చూపే చార్టు ఒకటి గీయండి. అందులో రెండు వరుసలు: తేదీల క్రమం, హీరో అనుభవించిన క్రమం. చేతి గాయం, తడిసిన చొక్కా రెండో వరుసను బట్టే గీయాలి. తప్పులన్నీ దొర్లేది ఇక్కడే.

కాలం దూకే ప్యానెల్ (బొమ్మ గడి) సరి సంఖ్య పేజీలో మొదట రావాలి. బేసి పేజీలో పెడితే పేజీ తిప్పకుండానే కంటపడి సస్పెన్స్ పోతుంది. మాటలు రాసే ఒక్కో బెలూన్‌కు పన్నెండు మాటలు చాలు. లైన్ల మధ్య ఖాళీ పెంచండి, లేదంటే పై లైను వత్తులు కింది గుడులకు తగిలి చదవలేం.