గేమింగ్ పీసీ అప్‌గ్రేడ్‌కి వచ్చే ముందు: రేట్లు, పార్టుల గురించి మా షాపు నుంచి ఉన్నదున్నట్టు

ముందు రేట్ల సంగతి. 2025 అక్టోబర్ నుంచి ర్యామ్ ధరలు విపరీతంగా పెరిగాయి. ప్రపంచంలో ర్యామ్ చిప్పుల్లో సింహభాగం శాంసంగ్, ఎస్‌కే హైనిక్స్, మైక్రాన్‌లవే. ఆ మూడూ ఇప్పుడు ఏఐ సర్వర్లకి వెళ్లే మెమరీ మీదే పడ్డాయి. మైక్రాన్ అయితే క్రూషియల్ పేరుతో మామూలు కొనుగోలుదారులకి అమ్మే ర్యామ్, ఎస్‌ఎస్‌డీల వ్యాపారం మానేస్తున్నట్టు 2025 డిసెంబర్‌లో ప్రకటించేసింది. అందుకని ర్యామ్, ఎస్‌ఎస్‌డీలకి మేమిచ్చే కొటేషన్ ఇకమీదట ఆ రోజు షాపు మూసేవరకే చెల్లుతుంది. మిగతా పార్టులకి మూడు రోజులు. "నిన్న ఇంత అన్నారు కదండీ" అంటే మా దగ్గర జవాబు లేదు, మాకు సరుకు వేసే హోల్‌సేల్ ఆయన దగ్గరా లేదు.

ఏఎం4 బోర్డు (ఏఎండీ రైజెన్ ప్రాసెసర్ల పాత సాకెట్ ఉన్నది), డీడీఆర్4 ర్యామ్ ఉన్నవాళ్లు ఇప్పుడు మొత్తం సిస్టమ్ మార్చకండి. దాని తర్వాతి సాకెట్ ఏఎం5కి వెళ్లాలంటే ప్రాసెసర్, బోర్డు, డీడీఆర్5 ర్యామ్ మూడూ కొనాలి. ఇప్పుడున్న రేట్లలో ఆ డబ్బు గ్రాఫిక్ కార్డులో పెడితే గేములో కనబడే తేడా చాలా ఎక్కువ. పెద్ద బిల్లు మాకు చేదు కాదు గానీ, ఈ సీజన్‌లో అది మీకు గిట్టుబాటు కాదు.

ఏ పార్టు మార్చాలో షాపుకి రాకముందే మీకే తెలిసిపోతుంది. ఆఫ్టర్‌బర్నర్ (కార్డు వాడకం, ఎఫ్‌పీఎస్ అంటే సెకనుకి ఎన్ని ఫ్రేములో చూపించే సాఫ్ట్‌వేర్) వేసుకుని, గేము సెట్టింగుల్లో వీ-సింక్, ఎఫ్‌పీఎస్ లిమిట్ తీసేసి, రోజూ ఆడే గేమే ఓ పావుగంట ఆడండి. గ్రాఫిక్ కార్డు వాడకం 97, 98 శాతం దగ్గరే ఉంటే కార్డు చాలట్లేదు. 60, 70 దగ్గర ఆగిపోయి ఎఫ్‌పీఎస్ కూడా తక్కువగా ఉంటే లోపం ప్రాసెసర్‌దో ర్యామ్‌దో. అనుమానం తీరాలంటే రెజల్యూషన్ 1080 నుంచి 720కి దించండి. ఎఫ్‌పీఎస్ కదలకపోతే కొత్త కార్డు కొన్నా కదలదు. టాస్క్ మేనేజర్‌లో మెమరీ పేజీ కూడా ఓసారి చూడండి. 16 జీబీలో 15 నిండిపోయి ఉంటే గేము మధ్యలో వచ్చే కుదుపులు అక్కడివే. స్లాట్లు "4లో 1" అని ఉంటే సింగిల్ ఛానెల్‌లో, అంటే ర్యామ్ ఒంటి దారిలో నడుస్తోందన్నమాట. అలాంటివాళ్లకి ఉన్నదానికి జతగా అదే స్పీడుది ఇంకో స్టిక్ చాలు, కొత్త కిట్టు అక్కర్లేదు. నాలుగు స్లాట్ల బోర్డుల్లో సాధారణంగా ప్రాసెసర్ పక్క నుంచి రెండోది, నాలుగోది వాడాలి. స్పీడు 2133 లేదా 2400 అని చూపిస్తుంటే బయోస్‌లో (బోర్డు సొంత సెట్టింగుల్లో) ఎక్స్‌ఎంపీ, అంటే ర్యామ్‌ని దాని పూర్తి స్పీడులో నడిపే సెట్టింగ్, ఆన్ చేయండి, పైసా ఖర్చు లేదు. ఐ5 10400తో బీ460, హెచ్510 బోర్డులు వాడేవాళ్లకి మాత్రం 2666 దాటదు. 3200 స్టిక్ వేసినా అంతే.

ఇక రైజెన్ 5600జీ, లోపలే గ్రాఫిక్స్ ఉన్న ప్రాసెసర్. ముందు కార్డు లేకుండా కట్టించుకుని, తర్వాత కార్డు వేద్దామనుకున్న సిస్టమ్‌లు మన విశాఖలో బోలెడన్ని. దీనికీ మామూలు 5600కీ తేడా ఒక్క అక్షరమే అనుకోకండి. ఎల్3 క్యాష్ (ప్రాసెసర్ లోపలి వేగమైన మెమరీ) ఇందులో 16 ఎంబీ, అందులో 32. 5600జీ కార్డుతో పీసీఐఈ 3.0లోనే (కార్డుకీ ప్రాసెసర్‌కీ మధ్య డేటా దారి, పాత తరానిది) మాట్లాడుతుంది, బీ550 బోర్డు మీద పెట్టినా సరే.

కొన్ని కార్డులకి ఇది బాగా తగులుతుంది. ఆర్‌టీఎక్స్ 5060, 5060 టీఐ రెండూ 16 లేన్ల స్లాట్‌లో కూర్చుంటాయి గానీ వాడుకునేది 8 లేన్లే (లేన్ అంటే ఆ దారిలో ఒక వరస). కొత్త బోర్డులో ఆ తేడా పట్టదు. పీసీఐఈ 3.0లో మాత్రం దారి ఇరుకు. కార్డు మీదున్న 8 జీబీ మెమరీ నిండితే మిగతా డేటా ఆ ఇరుకు దారిలోనే ర్యామ్ నుంచి రావాలి, అప్పుడు గేము ఆగి ఆగి నడుస్తుంది. టెక్స్‌చర్లు ఒక మెట్టు దించితే సర్దుకుంటుంది. కానీ కొత్త కార్డు కొన్న రోజే టెక్స్‌చర్లు దించుకోమని చెప్పడం మాకే బాగోదు. అందుకే బీ450 బోర్డున్నవాళ్లకి (అదీ పీసీఐఈ 3.0నే), 5600జీ వాళ్లకి మేం ముందు చూపించేది ఆర్‌ఎక్స్ 9060 ఎక్స్‌టీ 16 జీబీ. దానికి 16 లేన్లూ ఉన్నాయి, మెమరీ అంత తొందరగా నిండదు. వాలరెంట్, సీఎస్2 మాత్రమే ఆడేవాళ్లకి ఈ గొడవంతా అనవసరం, 8 జీబీ కార్డు చాలు. వాళ్ల ఎఫ్‌పీఎస్ తేల్చేది ప్రాసెసరే.

కార్డు ఎంచుకున్నాక అసలు పేచీ ఎస్‌ఎంపీఎస్ (పీసీకి కరెంటు ఇచ్చే పవర్ సప్లై) దగ్గర. డబ్బా మీద 450 వాట్లు అని ఉంటుంది. అది నమ్మకండి, పక్కనున్న లేబుల్‌లో +12వీ గడి చదవండి. అక్కడ 18 ఆంపియర్లు అని ఉంటే 12 ఇంటూ 18, అంటే 216 వాట్లు. ఆర్‌టీఎక్స్ 5060 ఒక్కటే 145 తీసుకుంటుంది, రైజెన్ 5600 లోడ్ మీద 76 దాకా వెళ్తుంది. అక్కడికే 221. బోర్డు, ఫ్యాన్లు, డిస్కులు ఇంకా లెక్కలోకి రాలేదు. పైగా కార్డు క్షణకాలం పాటు తన లెక్క కంటే ఎక్కువే లాగుతుంది. అలాంటి సిస్టమ్ డెస్క్‌టాప్ మీద బుద్ధిగా ఉంటుంది, గేము మొదలైన కాసేపటికి టప్పున ఆరిపోయి మళ్లీ లేస్తుంది. బ్లూ స్క్రీన్ రాదు, విండోస్ ఈవెంట్ వ్యూయర్‌లో (లోపాల చిట్టాలో) కెర్నల్-పవర్ 41 ఒక్కటే మిగులుతుంది. స్క్రీన్ నల్లబడినా గేము సౌండ్ వస్తుంటే మాత్రం ముందు డ్రైవర్‌నీ కార్డునీ అనుమానించండి. ఈ తరగతి కార్డులకి 12వీ మీద 45 ఆంపియర్ల దాకా ఇచ్చే మంచి 550 వాట్లది చాలు. 5060 టీఐకి 600 చెప్తారు కాబట్టి 650 తీసుకోండి. కార్డుకి వెళ్లే 8 పిన్నుల వైరు ఎస్‌ఎంపీఎస్ నుంచే రావాలి. పాత నాలుగు పిన్నుల మోలెక్స్ వైరు నుంచి మార్చే అడాప్టర్ మీరు తెచ్చినా మేం బిగించం, ఆ పిన్నులు వేడెక్కి కరిగిపోయే ప్రమాదం ఉంది.

క్యాబినెట్ ముట్టుకుంటే జివ్వుమంటోందా? చాలావరకు అది ఎస్‌ఎంపీఎస్ లోపం కాదు, గోడ ప్లగ్గులో ఎర్తింగ్ లేకపోవడమే. ఎలక్ట్రీషియన్‌ని పిలిచి సరిచేయించాకే కొత్త కార్డు పెట్టండి. 600 వీఏ యూపీఎస్ అంటే సాధారణంగా 360 వాట్లే అని కూడా గుర్తుపెట్టుకోండి.

ఏఎం4లో ప్రాసెసర్ ఇంట్లోనే మార్చుకునేవాళ్లకి వరుస ముఖ్యం. పాత ప్రాసెసర్ ఉండగానే బయోస్ అప్‌డేట్ చేయాలి. ఫైలు ఎఫ్‌ఏటీ32 పెన్‌డ్రైవ్‌లో వేసుకుని, సిస్టమ్ యూపీఎస్ మీద ఉన్నప్పుడే మొదలుపెట్టండి. మధ్యలో కరెంటు పోతే బోర్డు లేవకపోవచ్చు. బిట్‌లాకర్ (డ్రైవ్‌కి విండోస్ వేసే తాళం) ఆన్‌లో ఉందేమో చూసి, రికవరీ కీ ఫోన్‌లోనో కాగితం మీదో రాసుకోండి. కొత్త ప్రాసెసర్ పెట్టి ఆన్ చేయగానే ఎఫ్‌టీపీఎం (ప్రాసెసర్‌లో తాళాలు దాచే భాగం) మారింది, రీసెట్‌కి వై, వద్దంటే ఎన్ నొక్కమని నల్ల స్క్రీన్ వస్తుంది. కీ చేతిలో ఉంటేనే వై నొక్కండి. కీ లేకుండా నొక్కితే బిట్‌లాకర్ డ్రైవ్‌లోని డేటా మేమూ తీయలేం. తర్వాత వాలరెంట్‌లో వ్యాన్ 9001 అనే ఎర్రర్ వస్తే బయోస్‌లో టీపీఎం, సెక్యూర్ బూట్ రెండూ చూసుకోండి.

కూలర్ తీసేటప్పుడు, అది చల్లారి ఉండగా లాగకండి. పేస్టు గట్టిపడి, ప్రాసెసర్ సాకెట్‌లోంచి కూలర్‌తో పాటే ఊడొస్తుంది, పిన్నులు వంగుతాయి. పది నిమిషాలు గేము ఆడి, ఆపేసి, ప్లగ్గు తీసి, కూలర్‌ని అటూ ఇటూ మెల్లగా తిప్పి అప్పుడు ఎత్తండి.

లాసన్స్ బే, పెద జాలారిపేట వైపు, బీచ్ రోడ్డు మొదటి వరసలో ఉన్నవాళ్లు పీసీని సముద్రం వైపు కిటికీ దగ్గర పెట్టొద్దు. ఉప్పు తేమని పట్టి ఉంచుతుంది. మొదట వెనకవైపు స్క్రూలు తుప్పు పడతాయి, తర్వాత ర్యామ్ పిన్నులు మసకబారి డిస్‌ప్లే రాదు. పెన్సిల్ రబ్బరుతో రుద్దే అలవాటు మానండి, బంగారు పూత అరిగిపోతుంది. 99 శాతం ఐసోప్రొపైల్ ఆల్కహాల్, మెత్తటి గుడ్డ చాలు. వన్‌టౌన్, జ్ఞానాపురం, మల్కాపురం వాళ్ల బాధ పోర్టు దుమ్ము. అక్కడ ఫిల్టర్ నెలకోసారి దులపాలి. బ్లోయర్ కొట్టేటప్పుడు ఫ్యాన్ రెక్కని వేలితో ఆపి పట్టుకోండి.

ఎస్‌ఎస్‌డీ గురించి ఒక్క మాట: గేముల కోసమైతే జెన్3, జెన్4 (ఎస్‌ఎస్‌డీ వేగం తరాలు) తేడాకి డబ్బు పోయకండి. ఎం.2 స్లాట్ (బోర్డు మీదే ఎస్‌ఎస్‌డీ కూర్చునేది) నింపితే కొన్ని బోర్డుల్లో ఒకటి రెండు సాటా పోర్టులు (హార్డ్ డిస్క్ వైరు పెట్టేవి) ఆగిపోతాయి. పాత హార్డ్ డిస్క్ కనబడకపోతే వైరు ఇంకో పోర్టుకి మార్చి చూడండి.

షాపుకి వచ్చేటప్పుడు క్యాబినెట్ మోయక్కర్లేదు. బోర్డు మీద మోడల్ పేరు, ఎస్‌ఎంపీఎస్ లేబుల్, దాని నుంచి వచ్చే వైర్ల చివర్లు ఫొటోలు తీసి తెండి. క్యాబినెట్ లోపల కార్డు పట్టే పొడవు కూడా టేపుతో కొలవండి. మూడు ఫ్యాన్ల కార్డులు కొన్ని 300 మిల్లీమీటర్లు దాటతాయి. ఇవి చూసి చెప్పడానికి డబ్బు తీసుకోం. పాత కార్డు మార్పిడికి తెచ్చేవాళ్లు బిల్లు తెండి, సీరియల్ స్టిక్కర్ చిరిగిన కార్డు మేం తీసుకోం. బిల్లు లేకుండా తక్కువకి దొరికే విదేశీ సరుకుకి ఇక్కడ వారంటీ ఉండకపోవచ్చు, కాబట్టి కొనే ముందు ఆ కంపెనీ వెబ్‌సైట్‌లో సీరియల్ నంబర్ కొట్టి చూసుకోండి.