వాన వెలిసిన ఆ నల్లకొండ దొరికింది, అందరికీ కృతజ్ఞతలు

మా అమ్మ అడిగిన బొమ్మ దొరికింది. దాని పేరు 'ఇన్వాంగ్ జేసెక్‌దో'. కొరియా చిత్రకారుడు జంగ్ సన్ 1751లో, 75 ఏళ్ల వయసులో, కాగితం మీద సిరాతో వేసిన కొండ బొమ్మ. ఇప్పుడది సియోల్‌లోని కొరియా నేషనల్ మ్యూజియంలో ఉంది. సాయం చేసినవాళ్లకు ఫోన్లో ఎవరికి వారికి చెప్పాను గానీ, నలుగురి ముందూ చెప్పకపోతే మనసు ఒప్పుకోవడం లేదు.

మాది పెనుకొండ. కియా ఫ్యాక్టరీ వచ్చాక మా వైపు కొరియా వాళ్లకు ఇళ్లు అద్దెకివ్వడం మామూలైపోయింది. మా మేడ మీది పోర్షన్‌లోనూ ఒకాయన ఉండేవాడు. ఆయన గోడకు వాళ్ల దేశం క్యాలెండర్ ఒకటి తగిలించి ఉండేది. అందులో ఒక నెల బొమ్మ అమ్మకు ఎంత నచ్చిందంటే, పైకి వెళ్లినప్పుడల్లా దాని ముందు కాసేపు నిలబడేది. "మన కొండే గదరా ఇది, వాన పడి నిలిచినాక ఇట్లే ఉంటాది" అనేది. ఆయన ఉద్యోగం ముగించుకుని వెళ్లిపోయాడు, సామానుతోపాటు క్యాలెండరూ పోయింది. ఈ మధ్య మోకాలి ఆపరేషన్ అయ్యాక అమ్మ ఎక్కువగా మంచం మీదే ఉంటోంది. ఎదురుగా గోడ మీద ఆ బొమ్మ ఉంటే బాగుండునని అడిగింది. అడగక అడగక అడిగిన కోరిక అది.

పేరు తెలియదు, వేసినవాళ్లెవరో తెలియదు. కొండ, మంచు, చెట్లు, ఒక ఇల్లు. ఇంటర్నెట్‌లో ఇవి కొడితే చైనావీ జపాన్‌వీ వేలకు వేలు వస్తాయి. అన్నిట్లోనూ కొండ, మంచు, చెట్లు, ఒక ఇల్లు ఉంటాయి.

మొదటి దారి చూపింది మా హైస్కూల్ డ్రాయింగ్ మాస్టారు. రిటైరై హిందూపురంలో ఉంటున్నారు. ఆయన నన్ను పక్కన పెట్టి అమ్మతోనే ఫోన్లో మాట్లాడారు. బొమ్మ నిలువుదా, అడ్డందా? కొండ కొన పూర్తిగా కనిపించిందా? మనుషులున్నారా? అక్షరాలు ఏ మూలన ఉన్నాయి? అమ్మ ఒక్కొక్కటే గుర్తు చేసుకుని చెప్పింది. అడ్డం బొమ్మ. కొండ కొన కాగితం అంచు దగ్గరే తెగిపోయింది. మనుషులు లేరు. రాత కుడివైపు పైన ఉంది. ఇల్లు కూడా కుడివైపే, కింద చెట్ల నడుమ. బండలు మాత్రం నల్లగా, కారు నలుపు. మాస్టారు అంతా రాసుకుని, "పాతకాలం చైనా కొండల బొమ్మలు ఎక్కువగా నిలువుగా వేలాడదీసేవి, పైన ఆకాశం వదులుతారు. కొన తెగ్గొట్టి ఇంత నలుపు దట్టించినవాడు వేరే ఎవరో. క్యాలెండర్ ఎవరిదో ఆ దేశంలోనే వెతకరా" అన్నారు. మాకు దాదాపు పరిచయం లేని కళ గురించి అంత ఓపిగ్గా ఆలోచించినందుకు మాస్టారికి పాదాభివందనం.

రెండో మనిషి ఫ్యాక్టరీలో దుబాసీగా పనిచేసే తమ్ముడు. మాస్టారు రాసిన గుర్తులు చదివి వినిపించగానే పేరు చెప్పేశాడు. అంతటితో ఆగకుండా పర్సులోంచి కొరియా వెయ్యి వాన్ నోటు తీసి వెనకవైపు చూపించాడు. చెట్ల నడుమ, నీటి ఒడ్డున ఒక చిన్న ఇల్లు. అదీ జంగ్ సన్ వేసిందేనట, 1746 నాటి బొమ్మ. అక్కడ చిల్లర ఖర్చుకు జేబులో పెట్టుకుతిరిగే నోటు మీద ఉన్నవాడి కోసం మేం ఇక్కడ ఇంత గాలించాం! ఆ నోటు అమ్మకే ఇచ్చేశాడు. తమ్ముడూ, నీ మేలు మరిచిపోను.

సియోల్‌లో పీహెచ్‌డీ చేస్తున్న మా వైపు అమ్మాయి ఒకామె ఉంది, నేను చెల్లెమ్మా అనే పిలుస్తాను. ఆమె చేసింది ఇంకా పెద్ద సాయం. మ్యూజియానికి వెళ్తే ఆ రోజు బొమ్మ ప్రదర్శనలో లేదు. కాగితం మీది పాత బొమ్మలకు వెలుతురు పడదు కాబట్టి కొన్నాళ్లు పెట్టి మళ్లీ లోపల భద్రపరుస్తారు. ఆమె వెనుదిరిగి ఇంటికి పోకుండా నేరుగా ఆ కొండకే వెళ్లింది. ఇన్వాంగ్ ఊహించి వేసిన కొండ కాదు, సియోల్ నగరంలోనే పడమటి వైపు ఉన్న 338 మీటర్ల కొండ. జంగ్ సన్ దాని కిందే చాలా ఏళ్లు కాపురమున్నాడు. ఆయన కాలానికి ముందు అక్కడ చాలామంది చైనా బొమ్మలు చూసి ఊహాకొండలు వేసేవారు. ఈయన తన దేశపు కొండలు తిరిగి, కళ్లారా చూసినవి వేశాడు. కొండ మొదట్లో సుసంగ్‌డాంగ్ అనే లోయ ఉంది. అక్కడ కట్టిన పాత అపార్ట్‌మెంట్లను తీసేసి 2012లో లోయను మళ్లీ పాత రూపానికి తెచ్చారు, అందుకు జంగ్ సన్ వేసిన మరో బొమ్మే ఆధారం. ఆ బొమ్మలో ఉన్న రాతి వంతెన ఇప్పటికీ అక్కడుంది. దాని ఫొటో కూడా పంపింది చెల్లెమ్మ.

ఆమె పంపిన ఫొటోల్లో బండలు తెల్లగా ఉన్నాయి. మరి బొమ్మలో అంత నలుపెందుకు? గ్రానైటు బండ తడిస్తే ఏమవుతుందో పెనుకొండ వాళ్లకు ఎవరూ చెప్పక్కర్లేదు. అమ్మ మొదటి రోజే చెప్పింది కదా, వాన పడి నిలిచాక అని. బొమ్మ పేరులో ఉన్నదీ అదే, వాన వెలిసిన ఇన్వాంగ్. తడిసిన బండల కోసం సిరా మీద సిరా దట్టంగా దించాడు, కింద మంచు ఉన్నచోట కాగితాన్ని తాకకుండా వదిలేశాడు. మామూలు రోజుల్లో కనబడని జలపాతాలు మూడు సన్నగా దిగుతుంటాయి.

బొమ్మ మీద తేదీ కూడా రాశాడు, ఆ ఏడు వచ్చిన అధిక మాసం చివరి పది రోజులని. అప్పటి రాజు కార్యాలయం దినచర్యలో రోజూ వాతావరణం రాసేవారు. అందులో చూస్తే ముసురు పట్టి 25వ తేదీ పొద్దున దాకా కురిసిందని ఉంది. అదే నెల 29న జంగ్ సన్ ప్రాణస్నేహితుడు, కవి యీ బ్యంగ్యన్ కన్నుమూశాడు. ఒకరు పద్యం పంపితే ఇంకొకరు బొమ్మ పంపుకునేంత స్నేహం వాళ్లది. జబ్బుపడ్డ స్నేహితుడు కోలుకోవాలనే ఈ బొమ్మ వేశాడని కొందరు పండితులంటారు. చెట్ల నడుమ ఇల్లు ఆ స్నేహితుడిదేనా అన్నదాని మీద వాదనలున్నాయి. నాకైతే ఆ ఇంట్లో ఎవరో మనకు కావలసినవాళ్లు ఉన్నారనే అనిపిస్తుంది.

ఇంకెవరైనా వెతికితే పనికొస్తుందని ఒక మాట. పాత పుస్తకాల్లో ఈ బొమ్మ శాంసంగ్ కుటుంబం సేకరణలో ఉన్నట్టు కనిపిస్తుంది. ఛైర్మన్ లీ కున్-హీ 2020లో పోయాక, 2021లో ఆ కుటుంబం దాదాపు 23,000 కళాఖండాలు దేశానికి ఇచ్చేసింది. అందులో ఇదీ ఉంది. అసలు బొమ్మ దాదాపు 79 సెంటీమీటర్ల ఎత్తు, 138 సెంటీమీటర్ల వెడల్పు. మేం సగం సైజులో మెరుపు లేని కాగితం మీద ప్రింటు తీయించి అమ్మ మంచానికి ఎదురుగా పెట్టాం. ప్రింటు తీసిన స్టూడియో అబ్బాయి నలుపు సరిగ్గా రాలేదని తనే చించేసి మళ్లీ తీశాడు, రెండోదానికి డబ్బు తీసుకోలేదు. అతనికీ కృతజ్ఞతలు.

చెల్లెమ్మా, సంక్రాంతికి వస్తానన్నావు. నేరుగా మా ఇంటికే రావాలి. మాస్టారూ, తమ్ముడూ, మీరు కూడా. అమ్మ కుర్చీలో కూర్చుని దగ్గరుండి ఓళిగలు చేయిస్తానంటోంది.