ఇకపై మా అభిప్రాయంలో మార్కులు ఉండవు

మీరు పంపే స్టీరియో ఫొటోలు చూసి, బాగోగులు రాసి పంపడమే మా చిన్న వ్యాపారం. స్టీరియో ఫొటో అంటే ఒకే దృశ్యాన్ని కాస్త పక్కకు జరిగి తీసిన రెండు బొమ్మల జత. ఎడమ కన్ను ఎడమ బొమ్మను, కుడి కన్ను కుడి బొమ్మను చూస్తే రెండూ కలిసి లోతు కనిపిస్తుంది. ఈ నెల నుంచి ఆ రాసే పద్ధతి మారుస్తున్నాం. చివర్లో పదికి ఇన్ని అని వేసే మార్కు తీసేస్తున్నాం. అంకె కనిపించగానే చాలామంది పైన రాసింది వదిలేస్తున్నారు. "ఏడే ఎందుకు వేశారు?" అని అడుగుతారు. కారణం రెండో పేరాలోనే ఉంటుంది.

మార్కు బదులు అభిప్రాయం రెండు భాగాలుగా వస్తుంది. మొదటిది మీ ఫొటో కంటికి ఎంత సులువుగా ఉందో చెబుతుంది, రెండోది మీ ఊహ గురించి. స్టీరియో ఫొటోల మీద వచ్చే విమర్శ చాలావరకు ఈ రెండింటినీ కలగాపులగం చేసేస్తుంది. ఒక బొమ్మ కాస్త పైకి జరిగి ఉండటం వల్ల చూసేవారికి తలనొప్పి వస్తే "భావం అందలేదు" అంటారు. కావాలని చేసిన ప్రయోగం కనిపిస్తే "తప్పు" అంటారు.

కంటి భాగంలో మొహమాటపడం. ఎడమ బొమ్మ కుడివైపు, కుడి బొమ్మ ఎడమవైపు పడితే లోతు తిరగబడుతుంది, వెనక ఉన్న కొండ ముందుకొస్తుంది. రెండు బొమ్మల ఎత్తు కలవకపోయినా, ఒకటి కొద్దిగా ఒరిగినా కళ్లు లాగుతాయి. వీటిలో అభిరుచికి చోటు లేదు. సరిచేయమనే చెబుతాం.

అన్నిటికన్నా ఎక్కువగా మేము రాసేది చట్రం గురించి. స్టీరియో ఫొటోలో చట్రం ఒక కిటికీలా పనిచేస్తుంది. ఒక చెట్టుకొమ్మ కిటికీ దాటి మన వైపు వచ్చినట్టుంది అనుకోండి. కానీ ఎడమ అంచు దాన్ని సగంలో కోసేసింది. ముందున్న కొమ్మను వెనకున్న అంచు ఎలా కప్పుతుంది? లోతు ఒకటి చెబుతోంది, అంచు మరొకటి చెబుతోంది, కన్ను ఏదీ నమ్మలేక తడబడుతుంది. ఇలాంటప్పుడు "కొమ్మ ఇబ్బందిగా ఉంది" అని రాసి ఊరుకుంటే మీకు ఒరిగేదేమీ లేదు. "ఎడమ బొమ్మకు ఎడమ అంచులో, కుడి బొమ్మకు కుడి అంచులో ఒకే కొలతలో కొంచెం కోయండి. దృశ్యమంతా కిటికీ వెనక్కి జరుగుతుంది" అని రాస్తే ఐదు నిమిషాల్లో మీరే చేసుకోగలరు. కింది అంచు కోసిన వస్తువు కంటిని ఇంతగా బాధించదు కాబట్టి దాని మీద పెద్దగా పేచీ పెట్టం.

రెండు బొమ్మల మధ్య కెమెరాను ఎంత జరపాలన్నది ఎప్పుడూ వచ్చే ప్రశ్నే. దగ్గరి వస్తువు దూరంలో ముప్పయ్యో వంతు అన్నది పాత లెక్క. మూడు మీటర్ల దూరానికి 10 సెంటీమీటర్లు, 30 సెంటీమీటర్ల దూరంలోని పువ్వుకు 1 సెంటీమీటరు. ఈ లెక్క మామూలు లెన్సుకు, వెనక దృశ్యం చాలా దూరం వరకు సాగిపోయినప్పుడు సరిపోతుంది. పువ్వు వెనక గోడే ఉంటే ఇంకొంచెం ఎక్కువ జరపవచ్చు. కాబట్టి ఈ సంఖ్యను చూపించి ఎవరి ఫొటోనూ తప్పుపట్టం.

ఇక ఊహ భాగం. దీనికి మీ నుంచి ఒక్క వాక్యం కావాలి: ఏం చూపించాలనుకున్నారు? అది లేకుండా ఈ భాగం రాయం. కెమెరాను చాలా దూరం జరిపి తీస్తే కొండలు బొమ్మకొలువులో పెట్టినంత చిన్నవిగా కనిపిస్తాయి. కొండ గాంభీర్యం చూపించాలని తీసినవారికి అది దెబ్బ, ఊరంతటినీ ఆటబొమ్మలా చూపించాలని తీసినవారికి అదే విజయం. ఎవరు ఏ ఉద్దేశంతో తీశారో తెలియకుండా మేమేం చెప్పగలం? మరో ఉదాహరణ మంచుబొట్టు మీది మెరుపు. అది ఒక కంటికి కనిపించి రెండో కంటికి కనిపించకపోవచ్చు. నిజంగా చూసినా అంతే, ఆ తేడా వల్లే అది తళతళలాడుతుంది. ఎవరో చెప్పారని ఆ మెరుపును రెండింటిలోనూ సమానం చేసి పంపినవారున్నారు. బొట్టు కాస్తా చచ్చుగా తయారైంది.

జతలో ఒక్క బొమ్మ చూసి తీర్పు చెప్పడం కూడా మానుకోమని మీకూ, మీ ఫొటోలు చూసే స్నేహితులకూ నా మనవి. ఇంగ్లండు శాస్త్రవేత్త చార్లెస్ వీట్‌స్టోన్ 1838లో స్టీరియోస్కోపును, అంటే ఇలాంటి జతలను చూసే పరికరాన్ని, వివరించినప్పుడు ఆయన చూపించినవి రేఖాచిత్రాలే. ఫొటోగ్రఫీని ప్రపంచానికి ప్రకటించింది ఆ మరుసటి ఏడాది. నీడలేవీ లేని గీతల బొమ్మలు రెండు జతపడటం నుంచే లోతు పుట్టింది. అందుకే విడిగా చూస్తే గజిబిజిగా ఉన్న పొద, జతగా చూడగానే కొమ్మకు కొమ్మ విడివడి నిలుస్తుంది. మామూలు ఫొటోలో మెచ్చుకునే మసక నేపథ్యం ఇక్కడ చాలాసార్లు అడ్డమే. లోతులోకి వెళ్లిన చూపుకు అక్కడ పట్టుకోవడానికేమీ దొరకదు. అయినా కల చూపించాలనుకున్నవారికి ఆ మసకే కావాలి. మళ్లీ ఆ ఒక్క వాక్యం దగ్గరికే వచ్చాం!

ఈ పద్ధతిలో పని నెమ్మదిస్తుంది, దాచడం ఎందుకు? వరసగా జతలు చూస్తే కళ్లు అలసిపోతాయి, అలసిన కంటికి మంచి జత కూడా చెడ్డగానే తోస్తుంది. అందుకే రోజుకు తీసుకునే జతలు తగ్గిస్తున్నాం. జవాబు ఆలస్యమవుతుంది. కొందరికి రెండు బొమ్మలు కలిసి కనిపించవు, కళ్ల తీరే అంత. మీకూ అలాగే ఉంటే ముందే చెప్పండి, లోతు సంగతి మాటల్లో విడమరచి రాస్తాం. "బాగుంది అని రాస్తే చాలు" అనేవారు మాత్రం మరొకరిని చూసుకోవడం మేలు. బాగున్నది ఏది, ఎందుకు బాగుందో తప్పకుండా రాస్తాం, కానీ దాంతోనే ఆగం.

ఇప్పటికే డబ్బు కట్టి ఎదురుచూస్తున్నవారికి మార్కుతో కూడిన పాత పద్ధతే కావాలంటే, ఈ నెలాఖరులోగా చెప్పండి. అలాగే రాసి పంపుతాం. రెండూ వద్దనుకుంటే డబ్బు వాపసు ఇస్తాం, కారణం అడగం.