పొమ్మన్నాక ఆపేదెవరు?

హైదరాబాద్,
ఆదివారం రాత్రి

ఒరేయ్ సత్తిగా,

ముందు కడుపునిండా తిట్టేసుకో, తర్వాత చదువు. దసరాకి రాస్తానన్న ఉత్తరం సంక్రాంతి దాటాక రాస్తున్నాను. మూడుసార్లు మొదలుపెట్టి మూడుసార్లూ "నేను క్షేమం" దగ్గరే నిద్రపోయాను. ఫోన్ చేయొచ్చుగా అంటావు. ఫోన్‌లో నువ్వు నా మాట ఏనాడు పూర్తి కానిచ్చావు? ఈ విషయం నీకు, నాకు, పాపం మన హాస్టల్ వార్డెన్ "సగం" గారికి కూడా తెలుసు.

గబగబా కబుర్లు. అమ్మ బాగుంది, మోకాళ్లే మాట వినడం లేదు. అక్కకి మళ్లీ అమ్మాయే, ముక్కు అచ్చం బావదే, ఎవరూ పైకి అనడం లేదు. రూం మారాను. నీళ్లు రోజు విడిచి రోజు వస్తాయి, ఓనరు మాత్రం రోజూ వస్తాడు. ఎంహెచ్‌ఏ, అదే హాస్పిటల్ అడ్మినిస్ట్రేషన్ మాస్టర్స్, క్లాసులు అయిపోయాయి, ఒక ప్రైవేటు ఆసుపత్రిలో ఆపరేషన్స్ విభాగంలో, అంటే రోజువారీ పనులు నడిపేచోట, ట్రైనీగా చేరాను. ఆపరేషన్స్ అంటే కత్తి పట్టుకునే పని కాదని మీ నాన్నగారికి ఇంకోసారి చెప్పు. పోయినసారి తన హెర్నియా గురించి నన్ను పావుగంట అడిగారు.

సరే, అసలు సంగతికి వస్తున్నా. ఇది ఎవరికో ఒకరికి చెప్పకపోతే నాకు నిద్ర పట్టేలా లేదు.

చేరిన రెండో వారం మా మేడం పిలిచి, "డిశ్చార్జ్‌లు ఆలస్యమవుతున్నాయని రోజూ గొడవే. ఒక్క పేషెంట్ ఫైలు పట్టుకుని పొద్దున్నుంచి దాని వెనకాలే తిరుగు. ఎవరికీ సలహాలివ్వకు, టైము మాత్రం రాసుకో" అన్నారు. ఇంతేనా అనుకున్నాను. రెండేళ్ల చదువు చదివి ఫైలు వెనకాల నడవడమా!

జనగామ వైపు నుంచి వచ్చిన పెద్దాయన. ఆపరేషన్ అయింది, గాయం బాగుంది. కొడుకు కంపెనీ ఇచ్చిన గ్రూప్ ఇన్సూరెన్స్ ఉంది. 9:10కి డాక్టరుగారు రౌండ్స్‌కొచ్చి "తాతా, ఇవాళ ఇంటికి పోవచ్చు" అన్నారు. ఆయన వెనక్కి తిరిగేలోపే అవ్వ లేచి చెంబు, దుప్పటి, పళ్లెం సంచిలో సర్దేసి, మూతి కట్టేసి, చెప్పులేసుకుని మంచం అంచున కూర్చుంది. నన్ను చూసి "ఎంతసేపైతది బిడ్డా?" అంది. నేను మహా తెలిసినవాడిలా "అరగంట అవ్వా" అన్నాను.

ఇక చూడు. డిశ్చార్జ్ సమ్మరీ రాయాల్సిన డ్యూటీ డాక్టర్‌ని కింద ఎమర్జెన్సీకి పిలిచారు. పైకొచ్చి రాయడం మొదలుపెట్టేసరికి 11:05. రాయడానికి పట్టింది 20 నిమిషాలే. దాని మీద పెద్ద డాక్టరుగారి సంతకం కావాలి, ఆయన థియేటర్లో ఉన్నారు. సంతకం 12:20కి అయింది. వాడని మందులు ఫార్మసీకి తిరిగి ఇవ్వాలి, అది తేలితే తప్ప బిల్లు ముయ్యరు. ఇంజెక్షన్లు, సెలైన్ బాటిళ్లు ట్రేలో పెట్టి ఉన్నాయి, తీసుకెళ్లే వార్డుబాయ్ ఇంకో పేషెంట్‌ని స్కానింగ్‌కి తీసుకెళ్లాడు. బిల్లు 1:30కి తయారైంది. ఇన్సూరెన్స్ డెస్క్ 1:40కి ఫైనల్ అప్రూవల్ కోసం పంపింది. 2:50కి అవతలి నుంచి ఒక క్వెరీ వచ్చింది, ఏదో రిపోర్టు కాపీ స్పష్టంగా లేదట. 3:25కి మళ్లీ పంపారు. 4:35కి అప్రూవల్ వచ్చింది.

ఇక్కడో తమాషా ఉందిరా. 2024లో ఇన్సూరెన్స్ కంపెనీల మీద అజమాయిషీ చేసే ఐఆర్‌డీఏఐ ఒక నిబంధన పెట్టింది. ఆసుపత్రి డిశ్చార్జ్ రిక్వెస్ట్ పంపాక 3 గంటల్లోపు ఇన్సూరెన్స్ కంపెనీ తేల్చేయాలి. ఆలస్యమైనందుకు ఆసుపత్రి అదనంగా ఏమైనా వేస్తే ఆ డబ్బు కంపెనీయే భరించాలి. లెక్కేస్తే 2 గంటల 55 నిమిషాలైంది. అంటే కంపెనీ తప్పూ లేదు!

తర్వాత గ్లౌజులకు, ఇంకేవో వస్తువులకు పాలసీ వర్తించదని, ఆ కాస్తా చేతి నుంచి కట్టాలన్నారు. కొడుకు పోట్లాడాడు, కట్టాడు. గేట్‌పాస్ వచ్చింది. వీల్‌చైర్ దొరకలేదు. చివరికి 5:25కి కదిలారు.

ఈలోగా నేను అవ్వకి "అరగంట" అని ఇంకో రెండుసార్లు చెప్పాను. మూడోసారి చెప్పినప్పుడు ఆమెకి కోపం రాలేదు, అదే నన్ను చంపేసింది. "నీ అరగంటలు మూడైనయి గని బిడ్డా, ఒక్క మాట చెప్పు. డాక్టరు సారు పొమ్మన్నడు గదా, మరి మమ్ముల ఆపుతున్నది ఎవ్వలు?" అంది.

నా చేతిలో నోట్‌బుక్ ఉంది. నిమిషం నిమిషం రాసుకున్నాను. అయినా చెప్పడానికి ఒక్క పేరు లేదురా. డ్యూటీ డాక్టర్ పొద్దున్నుంచి మంచినీళ్లు కూడా తాగలేదు. ఫార్మసీ అమ్మాయి పది నిమిషాల్లో పని తేల్చేసింది. బిల్లింగ్ అతను లంచ్ బాక్స్ పక్కన పెట్టి మరీ బిల్లు కొట్టాడు. రాత్రి కూర్చుని కూడితే మొత్తం 495 నిమిషాల్లో ఎవరో ఒకరు ఆ ఫైలు మీద నిజంగా పని చేసింది 70 నిమిషాలు. మిగతా ఏడు గంటల పైచిలుకు అది ఏదో ఒక బల్ల మీద ఊరికే పడుంది. నీకు నేను చెప్పక్కర్లేదు, పరవాడలో మీ మందుల ఫ్యాక్టరీ బ్యాచ్ తయారైపోయి, నాణ్యత చూసి వదిలే క్యూసీ రిలీజ్ కోసం క్వారంటైన్‌లో విడిగా కూర్చుంటుంది చూడు, సరిగ్గా అలాగే. కాకపోతే మీ టాబ్లెట్లు చెప్పులేసుకుని ఎదురుచూడవు.

ఇంకో లెక్క చెప్తా, విసుక్కోకు. క్లాసులో లిటిల్ సూత్రం అని చెప్పారు, 1961 నాటిది. గంటకు ఎంతమంది వస్తున్నారో, ఒక్కొక్కరు సగటున ఎన్ని గంటలు ఆగుతున్నారో, ఆ రెండూ గుణిస్తే ఏ క్షణంలోనైనా సగటున ఎంతమంది ఆగి ఉంటారో వస్తుంది. పరీక్షకి బట్టీ పట్టి మర్చిపోయాను. ఆ రాత్రి గుర్తొచ్చింది. రోజుకు 12 మంది వెళ్లిపోవాల్సినవాళ్లు తలా 6 గంటలు ఆగితే 72 గంటలు, అంటే 3 మంచాలు రాత్రింబవళ్లు ఆరోగ్యంగా ఉన్నవాళ్లతో నిండి ఉన్నట్టే. అదే సమయంలో కింద ఎమర్జెన్సీలో మంచం కోసం స్ట్రెచర్ మీద...

ఒరేయ్, మా నాన్న డిశ్చార్జ్ రోజు గుర్తుందా? బెజవాడలో. నువ్వు కౌంటర్ అద్దం మీద కొట్టి ఆ కుర్రాడిని "మనిషివేనా" అన్నావు. వాడు ఏమీ మాట్లాడకుండా కంప్యూటర్ వైపే చూస్తూ కూర్చున్నాడు. పొగరనుకున్నాం. దారంతా వాడినే తిట్టుకున్నాం. నాన్న వెనక సీట్లో కళ్లు మూసుకుని "పోనీలేరా" అన్నారు. ఆ కుర్రాడికీ తెలియదురా ఎవరు ఆపుతున్నారో. వాడి బల్ల దగ్గరికి ఫైలే రాలేదు. ఇప్పుడు ఆ కుర్రాడు నేను. ఎందుకో అప్పటి నుంచి...

సరే వదిలేయ్.

తర్వాత ఏం చేశావంటావు. వీరావేశంతో 17 గడుల ఎక్సెల్ షీట్ తయారుచేసి వార్డుకి పట్టుకెళ్లాను. ఇన్‌ఛార్జ్ సిస్టర్‌ది కేరళ, సర్వీసు ఇరవై ఏళ్లు. అటూ ఇటూ తిప్పి చూసి, "సర్, ఇది నింపేలోపు ఇద్దరు పేషెంట్లను ఇంటికి పంపిస్తాను" అని నా చేతికే ఇచ్చేసింది. మన ప్రాక్టికల్ రికార్డుల రోజు నీ ముఖం ఎలా ఉందో, నా ముఖం అలా అయింది. కానీ టీ ఇప్పించింది. ఆ టీ తాగుతూ ఆమె చెప్పిందే మేం చేశాం. రేపు ఎవరు వెళ్తారో ముందురోజు సాయంత్రం రౌండ్స్‌లోనే డాక్టరుగారిని అడగడం, రాత్రికే సమ్మరీ సగం రాసి ఉంచడం, మర్నాటి డోసులు ఉంచుకుని మిగతా మందులు రాత్రే తిప్పి పంపడం. ఇంతే. కొత్త రిజిస్టరు లేదు, కొత్త మనిషి లేడు.

ఒక్క వార్డులోనే చేస్తున్నాం. కొందరు మధ్యాహ్నం భోజనానికి ఇంట్లో ఉంటున్నారు. కొందరు ఉండడం లేదు. మొన్న ఒకాయనకి రాత్రి జ్వరం తగిలింది, డాక్టరుగారు పొద్దున వద్దన్నారు, వాళ్లు అప్పటికే కారు పిలిపించుకున్నారు. "రేపు పంపిస్తామన్నది మీరేగా" అని కారిడార్‌లో అందరి ముందూ నన్ను ఉతికేశారు. నీ అద్దం దెబ్బ కంటే తక్కువే, బతికిపోయాను.

మీ చిన్ని సంగతి మర్చిపోయేవాడిని. నర్సింగ్ అయ్యాక ఈ లైన్‌లోకి రావచ్చా అని అడిగింది కదా. నిక్షేపంగా రావచ్చు. చాలాచోట్ల ఏ డిగ్రీ అయినా సరిపోతుంది. ఇక్కడ నిమ్స్‌లో హాస్పిటల్ మేనేజ్‌మెంట్ మాస్టర్స్ ఉంది, జూబ్లీహిల్స్‌లో అపోలో వాళ్ల ఇన్‌స్టిట్యూట్ ఉంది, ముంబైలో టిస్, జైపూర్‌లో ఐఐహెచ్‌ఎంఆర్ ఉన్నాయి. ఎంబీబీఎస్ వాళ్లకైతే హాస్పిటల్ అడ్మినిస్ట్రేషన్‌లో ఎండీయే ఉంది, ఢిల్లీ ఎయిమ్స్‌లో చేస్తారు. కాలేజీ బిల్డింగ్ ఫొటోలు చూసి చేరొద్దను. ఆసుపత్రిలో ఎన్ని నెలలు ఉంచుతారు, ఏయే బల్లల దగ్గర కూర్చోబెడతారు, అది అడగమను. నన్నడిగితే ముందు ఒక ఏడాది వార్డులో పనిచేసి రమ్మంటాను. ఆ సిస్టర్ టీ తాగుతూ చెప్పింది నాకు రెండేళ్ల క్లాసుల్లో ఎవరూ చెప్పలేదు మరి. ఎక్సెల్ బాగా రావాలి, బిల్లు చదవడం రావాలి, ఆరోగ్యశ్రీ, ఇన్సూరెన్స్, ఆసుపత్రుల నాణ్యతకి గుర్తింపు ఇచ్చే ఎన్ఏబీహెచ్ రూల్స్ ఎలాగూ నేర్పుతారు. హిందీ కూడా వస్తే హైదరాబాద్‌లో సగం పని నోటితోనే అయిపోతుంది. తెలియనప్పుడు "తెలియదు, కనుక్కుని పది నిమిషాల్లో వచ్చి చెప్తా" అని, నిజంగా పది నిమిషాల్లో వెళ్లడం... ఇది నాకింకా పూర్తిగా రాలేదు. మొన్న కూడా ఒకావిడకి "అరగంట" అని నోరు జారి నాలుక కరుచుకున్నాను.

అన్నట్టు ఆ రోజు అవ్వ వెళ్తూ వెళ్తూ సంచి మూతి విప్పి రెండు జామకాయలు చేతిలో పెట్టింది. వద్దన్నాను. "పొద్దటి సంది నువ్వు గూడ ఏం తినలే, చూసిన" అంది. నేను వాళ్లని చూస్తున్నాననుకున్నాను, ఆవిడ నన్ను...

ఫోన్ మోగుతోంది. నైట్ సూపర్‌వైజర్. ఎమర్జెన్సీలో మంచాలు నిండిపోయాయట, రేపటి లిస్టు ఇప్పుడే పంపమంటున్నారు. వెళ్లాలి. చిన్నికి ఇంకో మాట చెప్పాలిరా, ఫీజు కట్టేముందు, అది మాత్రం మర్చిపోకుండా

మళ్లీ రాస్తా.

నీ
బుజ్జిగాడు